నూట యాభై దగ్గర ఎర్ర గీత

క్రిసోఫొరో ఆ కంప్రెసర్ని
సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు,
స్నానం తువ్వాల్లో చుట్టి.
తువ్వాలు నూనె, ప్యాంటు నూనె,
చెమట సరేసరి.
"మూడు షాపులు తిరిగా. మూడుసార్లు గ్యాసు కొట్టారు.
రెండు వారాలు తిరక్కుండానే నా టాక్సీ మళ్ళీ పొయ్యి" అన్నాడు.
ఎర్మొసీయోలో జూలై.
మధ్యాహ్నం నలభై ఆరు డిగ్రీలు.
ఏసీ లేని టాక్సీని ఇక్కడ కుక్క కూడా ఎక్కదు.

మా బల్దొమేరోకి చెవులు వినపడవు.
నలభై ఏళ్ళు గాలి యంత్రాల పక్కన నిలబడి
రెండూ వాటికే ఇచ్చేశాడు.
లీకు బుస ఆయనకి అందదు.
అందుకే నీళ్ళని నమ్ముతాడు.

పాత నూనె కాఫీ కప్పులోకి వంచాం.
వేళ్ళ మధ్య నలిపి చూసి
బతికే రకమే అన్నట్టు తలూపాడు.
కొత్త రబ్బరు రింగులకి నూనె రాసి
రెండు నోళ్ళకీ బిళ్ళలు బిగించాను.
నైట్రోజన్ సిలిండర్ చెవి తిప్పాను,
కొంచెం, ఇంకొంచెం.
తొట్టిలో ముంచాం.

ముగ్గురం వంగి చూస్తున్నాం.
నీళ్ళలో మా మూడు మొహాలు, పైకప్పు రేకు.
పది నిమిషాలు. ఏమీ లేదు.
"బాగానే ఉందిగా, ఇచ్చెయ్యండి" అన్నాడు క్రిసోఫొరో.
బల్దొమేరోకి వినపడలేదు.
వినపడినా వినడు.
మోచేతి దాకా చెయ్యి ముంచి
క్లచ్ పళ్ళేన్ని పావు చుట్టు తిప్పాడు.

బుడగ.
ఆవగింజంత.
చాలాసేపటికి ఇంకోటి,
ఎవరూ చూడట్లేదనుకుని బయటికొచ్చినట్టు.

క్లచ్ ఊడదీస్తే దాని వెనక
షాఫ్ట్ చుట్టూ ఆకుపచ్చ జిడ్డు, దానికంటిన ఎడారి దుమ్ము:
దొంగ తుడవడం మర్చిపోయిన కాలిముద్ర.
నూట ఎనభై పెసోల సీలు.
"ఇంతేనా?"
అతని గొంతులో సంతోషం లేదు.
మూడుసార్ల గ్యాసుకి పోసిన డబ్బు
లెక్కపెట్టుకుంటున్నట్టుంది మొహం.

సీలు నేనే వేశాను. నా మొదటిది.
ముల్లు నూట యాభై మీద ఆగగానే వాల్వు కట్టేసి
గేజి అద్దం మీద గోళ్ళ రంగుతో ఎర్రగీత గీసి
బల్ల మీద వదిలేసి వెళ్ళాం.

రాత్రంతా కలలో బుడగలే.
పొద్దున ఆరుకి తాళం తీసి చూస్తే
నూట నలభై ఒకటి.

కడుపులో రాయి పడింది.
సబ్బు నురగ పూశాను. కదల్లేదు.
మళ్ళీ పూశాను.
ఈ చేతులతోనే కదా, అనుకున్నాను.
బల్దొమేరో వచ్చేసరికి ఏం చెప్పాలో తెలీక
నీళ్ళు నమిలాను.
ఆయన గేజి వంక చూడనే లేదు.
ఒక చేతిలో చిక్కుడుగింజల రొట్టె,
రెండో చేత్తో నా అరచెయ్యి పట్టుకుని
ఇనుము మీద పెట్టాడు.

చల్లగా ఉంది.
ఈ ఊళ్ళో, ఈ నెలలో, ఇనుము చల్లగా!

"రాత్రి" అన్నాడు.
ఒక్క మాట. మళ్ళీ రొట్టె.

ఎనిమిదింటికి నూట నలభై రెండు.
పదకొండింటికి రేకు టపటపమంది ఎండకి.
నేను ఇంకో కారు కింద దూరి
నిమిషానికోసారి మెడ బయటపెట్టాను.
లీకైపోయిందే అయితే ఎండొచ్చినా తిరిగి రాదుగా,
అని ఆయన చెప్పలేదు,
నేనే నెమ్మదిగా చెప్పుకున్నాను.
రెండింటికి చూస్తే ముల్లు లేదు.
ఎర్రగీత వెనక దాక్కుంది.

క్రిసోఫొరో ఈసారి తువ్వాలు ఉతికి తెచ్చాడు.
"మరి ఆ గ్యాసంతా ఎక్కడికి పోయినట్టు?"
పెదాల కదలిక చూసి అర్థం చేసుకున్నాడేమో,
బల్దొమేరో పానాతో పైకి చూపించాడు.
ముగ్గురం తలెత్తాం.
రేకులో మేకు చిల్లు. అందులోంచి ఎండ.

తరవాత అతను బస్టాపులో నిలబడ్డాడు,
నీడ లేని చోట,
మూట గుండెకి ఆనించుకుని.
పన్నెండో నంబరు బస్సు వచ్చింది.
కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.