మైసమ్మ వెన

కథేం లేదు, అంతా గాలే.
మా గుట్ట మీద ఎవరో పెద్ద హీరో షూటింగు పెట్టి
బాంబు పేలిస్తే
సక్రు మేక బెదిరి పాడువడ్డ బాయిల దుంకింది.
పైసలిస్తమన్నోళ్లు వ్యాన్లెక్కి పొయ్యిండ్రు.
గా నాలుగు వేల ఎనిమిది వందల కోసం
ఇద్దరు మొగోళ్లు, మిగిలిన ఒక్క మేకపోతు
దేవరకొండ నుంచి ఫిలింనగర్ బయలెల్లుతరు.
గంతే సినిమా.

వాళ్లెక్కిన ట్రాలీ నాది.
దినం కిరాయి పన్నెండు వందలు, డీజిల్ వాళ్లదే.
వెనక డోరు మీద ‘మైసమ్మ దీవెన’ అని రాయించిన.
ఎండకు ‘దీ’ రాలిపోయి
‘మైసమ్మ వెన’ మిగిలింది.
రంగేయిస్తనంటే డైరెక్టర్ చెయ్యి పట్టుకున్నడు:
‘అన్నా, గదే జోకు, ముట్టకు.’
అమ్మనగల్లు పిలగాడు, భీష్మాచారి,
పెండ్లి వీడియోలు తీసి తీసి
ఏడ్చే మొకాలంటే విసుగొచ్చినోడు.

కొండమల్లేపల్లి దాటంగనే మొదటి జోకు: సక్రు పిత్తు.
చింతపల్లి కాడ రెండోది: అదే పిత్తు, మేకపోతుది.
మాల్ సంతల ఎవడో దాన్ని ఎత్తుకపోయి బేరానికి పెడితే
వాళ్ల మేకను వాళ్లే కొనుక్కుంటరు,
ఐదు వందలు ఎక్కువిచ్చి.
యాచారం కాడ మేకపోతు స్క్రిప్టు తిన్నది.
ఇది సినిమాల లేదు, నిజంగనే తిన్నది.
అందుకే ఇంటర్వెల్ తర్వాత ఏమైతదో
తీసేటోనికి తెల్వది, చూసేటోనికి తెల్వది.

ఫిలింనగర్ల పర్మిషన్ దొరకలే.
దేవరకొండ ఫంక్షన్ హాలు గేటుకు అట్టబోర్డు కట్టి
గిదే ఫిలింనగరన్నరు.
ఇన్నేండ్లు వాళ్లు అట్టతోటి మా ఊరు కట్టిండ్రు,
ప్లాస్టిక్ పిడకలు గోడకంటించి.
ఒక్కపారి మేం అట్టతోటి వాళ్ల ఊరు కట్టినం.
ఆడ కార్లను గాల్లకెగరేసే హీరో
మేకపోతును చూసి కుర్చీ ఎక్కుతడు.
యాస నేర్పే మాస్టరొకడు నల్లద్దాలు పెట్టుకొని
సక్రుకు తెలంగాణ మాట నేర్పుతడు.
‘మూతి ఇంకింత వంకర పెట్టు,
మాటకోపాలి నెత్తి గోక్కో,
పల్లెటూరోడు గట్లనే మాట్లాడతడు.’
పదికి రెండు మార్కులేస్తడు.
సక్రు ఆ రెండు మార్కుల కాయితం
మడిచి అంగీ జేబుల పెట్టుకుంటడు.

మొదటాటకు ఇరవై ముగ్గురం,
పదకొండు మంది సక్రు తండోళ్లే.
నా ట్రాలీ పరదా మీదికి రాంగనే నేనే ఈల కొట్టిన.
మేకపోతు హీరో కటౌటుకు ఉచ్చ పోస్తే
కుర్చీలు విరిగినయి. పాత కుర్చీలు, ఊకెనే విరుగుతయి.

ఆఖర్ల సక్రు నోరు తెరిచి నవ్విండు.
మర్రిగూడెం దిక్కు నీళ్లు తాగి పెరిగిన పండ్లు,
ఒక్కొక్కదాని మీద ఇటుకరంగు గీతలు.
తెల్లరంగు డబ్బ కొననీకె పైసల్లేక అట్లనే తీసిండ్రు.
పరదా మీద ఒక్కో పన్ను తలుపంత.
హాలు సప్పుడు జెయ్యలే.
నా ముందటి వరుసల గోరీబాయి,
పుట్టినకాన్నుంచి మూతికి కొంగడ్డం పెట్టి నవ్వేది,
కొంగు ఒళ్లెకు జారినా
తీసుకోలే.
ఎనకనుంచి ఎవడో అరిసిండు,
‘అరే, మన పండ్లురా!’
మల్ల మొదలైంది నవ్వు.

మూడు దినాలాడింది.
పేపర్ల ఒక్క ముక్క రాసిండ్రు, ‘అభిరుచి కొరవడిన హాస్యం’ అని.
అభిరుచంటే ఏందన్నడు సక్రు.
రుచి లెక్క కావొచ్చన్న.
‘మేకను అడుగుదాం మరి,
కథ తిన్నది అదే గద.’

నా కిరాయి ఇంక రెండు దినాలది రావాలె.
భీష్మాచారి ఫోనెత్తుతలేడు.
అమ్మనగల్లు ఎంత, రెండు గంటల తొవ్వ.
సక్రునడిగిన.
మేకపోతు ఖాళీగనే ఉందంట.