ఏడు నిమిషాల బాకీ

మండిబజార్ల పాత సామాన్ల కాడ
మున్నూట యాభైకి తెచ్చినవట, ఆ ఎర్రంచు తెల్ల డబ్బ.
దీనికి ఏ క్యాసెట్లు కొనాలె ఆంటీ అని అడుగుతానవు.
చెప్తా. కని ముందుగాల ఒక మాట:
తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని
అట్ట మీద రాసున్నది ముట్టకు.
అండ్ల ఉండేటియి ఏడే.
మిగిలినయన్ని అవే, అంగీలు మార్చుకొని
మళ్ల లైన్ల నిలవడ్డయి.

మొదాలు ట్యాంకుల ఆట.
ఇద్దరాడేదే చూసుకో.
కింద ఇటుకల గోడ, గోడెనుక గద్ద బొమ్మ.
దుష్మన్ కంటె ముందు దాన్ని నీ దోస్తే పేలుస్తడు.
కొత్తవాడ యెలిగేటోళ్ల అన్నదమ్ములు, ఓదెలు, భిక్షపతి,
గా గద్ద కోసం నెల దినాలు మాట్లాడుకోలె.
పక్కపక్కన కూసోని ఆడుడు మాత్రం బంద్ పెట్టలె.

తుపాకితోని బాతుల కొట్టేది ఉన్నది. కొనకు.
ఆట మంచిదే, నీ టీవీకే చాతగాదు.
గోడకు అతుక్కున్న పల్చటి టీవీకి ఆ తుపాకి పేలది.
వెనుక బొజ్జ ఉన్నది దొరికిననాడు కొందువు.

మంచుగుట్ట ఎక్కేది కనవడితే విడువకు.
పైకెక్కినోడు జర ఆగకపోతే
కిందోడు తెరల నుంచే మాయమైతడు.
నాకు ఆ ఆట ఎప్పుడు రాలె.

కార్లది తప్పకుండ తీసుకో.
అండ్ల పెట్రోలు అయిపోతది.
గుద్దుకొని చచ్చుడు గాదు, ఊకె ఆగిపోవుడు.
నాకు పదకొండేండ్లప్పుడు
ఆజంజాహి మిల్లు సైరను గూడ గట్లనే.
ఎవలు గుద్దలె, ఏం పేలలె.
ఒకనాడు కూయలె, అంతే.

నాయినకు ముట్టిన పైసలల్ల
అవ్వకు కుట్టుమిషిను, అర్రకు టీవీ, రెండు డబ్బలు.
గిర్మాజిపేట గల్లిల, పావుగంటకు రూపాయి.
స్టూలెక్కి గడియారం చూసేదాన్ని నేనే.

ఇగ పైనుంచి ముక్కలు పడేది.
ఇది కొనకుంటె నా తానకు మళ్ల రాకు.
గిరాకి లేని మాపటేళ నాయిన ఒక్కడే ఆడేటోడు.
ముక్కలు వాన లెక్క ఉరికొస్తాంటె
కండ్లు సగం మూసేటోడు.
ఎట్లనే అంటే, చప్పుడు వినాలె బిడ్డా అనేటోడు,
నూరు సాంచెల నడుమ ఒక్క పోగు తెగినా
ముందు చెవికే తెలుస్తది.
నువ్వు నమ్ముతవో లేదో, నేనైతే చూసిన.
అందుకే చెప్తాన, దాన్ని మ్యూట్ల పెట్టి ఆడకు.

క్యాసెట్ నడవకుంటె అందరు ఊదుమంటరు. ఊదకు.
నోటి తడికి దాని పండ్లు తుప్పువడ్తయి.
మేమైతే ఊదినం, దిష్టి తీసినట్టు మూడుసార్లు.
నీకు పాత బ్రష్షు, జర స్పిరిటు చాలు.

ఇంకోటి. ఈ ఆటలల్ల దాచిపెట్టుకునుడు ఉండది.
కరెంటు పోయిందా, మళ్ల మొదటినుంచే.
ఎండకాలమైతే దినాం నాలుగుసార్లు పోయేది.
పోరగాండ్ల లొల్లి ఆగంగనే, చీకట్లనే,
మిగిలిన నిమిషాలు నాయిన రాసిపెట్టేటోడు
మిల్లుల నుంచి తెచ్చుకున్న హాజరు పుస్తకంల:
భిక్షపతి 4. ముంతాజ్ తమ్ముడు 9.
స్టేషన్ కాడి పొడుగు పోరడు 2.
మర్నాడు ఎవని నిమిషాలు వానికి ఇచ్చి కొట్టేసేటోడు.

ఆ పుస్తకం నా తాననే ఉన్నది.
మొన్న నువ్వు మీ ఇంటిపేరు చెప్పినంక
అటుక మీద నుంచి తీసి చూసిన.
మీ బాపు పేరు మీద ఏడు.
కొట్టెయ్యలె.

ఐతారం తోల్కరా.
బొజ్జ టీవీ నా తాన ఉన్నది, డబ్బ నువ్వే తేవాలె.
అడాప్టరు తొమ్మిది వోల్టులది, మర్సిపోకు.
పన్నెండుది పెడితే కాలిపోతది.