హస్తవాసి

గ్రిమ్స్‌బీ రేవులో చేపల పని తెల్లారుజామున నాలుగింటికి.
ఆరింటికల్లా లెన్ సోవర్బీ
పది పెట్టెల హ్యాడక్ కోసి పడేస్తాడు.
మంచునీళ్లలో నాని నాని
అతని వేలికొసలు తోలుముక్కలు.
ఉంగరపు వేలు ఒకసారి కత్తికి చిక్కింది,
అతుక్కుందిగానీ కాస్త పక్కకి చూస్తుంది.

శుక్రవారం రాత్రి క్లబ్బు మేడమీద
ఆ వేళ్లే గిటారు మీద.

నేను ముందు వరసలో కూర్చుని
అతని ఆంప్లిఫయర్ని కాగితం మీదకి ఎక్కించేవాణ్ణి.
వాల్యూమ్ ఆరు. బాస్ నాలుగున్నర.
ట్రెబుల్ మూడు, కొంచెం తక్కువ.
తీగలు ఏ రకమని అడిగాను.
"కొట్లో ఉన్నవి."
ఎప్పుడు మారుస్తావన్నాను.
"తెగినప్పుడు."

ఏడాదిన్నర జీతం అలా పోయింది.
అతని గిటారు పుట్టిన ఏడే పుట్టిన గిటారు,
లోపల గాజు వాల్వులు వెలిగే ఆంప్లిఫయర్,
పదకొండు పెడల్స్, వాటికో సూట్‌కేసు.
అన్నీ కలిపి నా గదిలో మీటితే
ఫ్రిజ్ తలుపు తెరిచినట్టుండేది.
వెలుగు ఉండేది. చలి ఉండేది.

ఆడలేనమ్మ మద్దెల ఓటిదంటుందట.
నా మద్దెల ఎంత మంచిదంటే
ఆ మాట అనడానికి కూడా వీల్లేకపోయింది.

ఒక రాత్రి క్లబ్బు ఖాళీ అయ్యాక
మొత్తం మోసుకెళ్లాను. ఇరవై రెండు మెట్లు.
లెన్ సూట్‌కేసు వైపు చూసి
ఊరు మారుతున్నావా అన్నాడు.
నా గిటారు అందుకున్నాడు.
ఒక్క నాబ్ తిప్పలేదు, పిక్ అడగలేదు,
బొటనవేలితో
ఒక్క స్వరం.

నా ఫ్రిజ్‌లోంచి అతని శుక్రవారం బయటికొచ్చింది.
గుమ్మం దగ్గర ఆగి
బూట్లు తుడుచుకుని లోపలికొచ్చే మనిషిలా
వెంట్రుకవాసి ఆలస్యంగా,
చేరాల్సిన శ్రుతికి ఆవగింజంత కింద నిలబడి
ఇంక పైకి రానన్నట్టు.

ఏం చేశావు?
"ఏం చేయలేదు. ఆ వేలు నొస్తుంది, అందుకే లేటు."
సిగరెట్టు వెలిగించి, నా మీద జాలేసిందేమో,
"కత్తిని నొక్కితే కండ చిరుగుతుంది.
ముల్లు ఎటు పోతే అటు పోనివ్వాలి.
నువ్వు తీగని నొక్కుతున్నావు బాబూ."

రోగం కుదిరితే హస్తవాసి అంటారు,
మందు పేరెవరూ అడగరు.
నేను అడిగాను. రాసుకున్నాను. కొన్నాను.

ఇంటికెళ్లి నొక్కడం మానేశాను.
ఏమీ మారలేదు.
మారిందని రాస్తే ఇక్కడ బావుండేది.
నా వేళ్లకి కత్తి తెలియదు, ఉప్పునీళ్లు తెలియవు,
బీమా ఆఫీసులో టైపు కొట్టే వేళ్లు.

లెన్ మోకాళ్లు మెట్లెక్కనన్నాక
శుక్రవారాలు నాకొచ్చాయి.
ఎనిమిది పెడల్స్ అమ్మేశాను,
జ్ఞానోదయమయి కాదు, బాయిలర్ చెడిపోయి.

మొన్న నవంబరులో ఆంప్లిఫయర్ కాలిపోయింది.
ఎవరిదో అరువు పెట్టె, ఎవరిదో డొక్కు గిటారు.
కింద బీరు పీపాలు చూసుకునే మావిస్
ఖాళీ గ్లాసుల కోసం పైకొచ్చి
"నువ్వేనని మెట్ల కిందే తెలిసింది" అంది.
ఎలా తెలుస్తుంది?
"ప్రతి స్వరాన్నీ తొందరగా ఎత్తేస్తావుగా.
పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు."

నిజమే.
నాకు తొమ్మిదేళ్లప్పుడు
రాత్రంతా ఆసుపత్రి డ్యూటీ చేసొచ్చి
పగలు పడుకునేది అమ్మ. పల్చటి గోడ.
తీగ మోగీ మోగకముందే
అరచేత్తో మూసేసేవాణ్ణి.
ఆ పిల్లాడి మీదే
ఇన్నాళ్లూ పదకొండు పెడల్స్ కప్పాను.

మావిస్ గ్లాసులు ఏరుకుని దిగిపోయింది.
అరువు పెట్టె సన్నగా గురక పెడుతోంది.
మళ్లీ మీటాను,
ఈసారి కావాలనే,
అమ్మ లేవకుండా.