తాళంచెవుల బస్తా

రాత్రికి రాత్రే వెళ్ళిపోయారు వాళ్ళు.
కరెంటు పోయాకగానీ మాకు తెలీలేదు.
గేటు దగ్గర కుక్కలు కూడా
పొద్దెక్కేదాకా నమ్మలేదు.

నేను తోర్యాలైని.
బగ్రామ్ రోడ్డు మీద పాత ఇనుము కొంటాను.
ఇరవై ఏళ్ళ యుద్ధాన్ని
కిలోల లెక్కన తూచినవాణ్ణి.
తీగలు కోసేసిన జనరేటర్లు,
నిలబడ్డచోటే పరుగెత్తించే యంత్రం ఒకటి,
ఇంకా
ఒక బస్తా తాళంచెవులు
ఏ బండివో, ఏ గిడ్డంగివో.
ఇత్తడి పాలు తక్కువని బేరం కుదర్లేదు.
మూలన పడేశాను.

ఆ తర్వాత చుట్టాలు రావడం మొదలైంది.

పడమటి ఆయన మా భాషే మాట్లాడాడు, మాకంటే తియ్యగా.
చక్కెర పలుకు పళ్ళ మధ్య పెట్టుకుని టీ తాగుతూ
నది సంగతి అడిగాడు:
ఆనకట్ట ఎంతెత్తు, కిందికి ఎన్ని నీళ్ళు.
తూర్పాయన పాలు లేవా అన్నాడు.
కొండ మీద గీసిన గీతని
మీవాళ్ళు ఒప్పుకుంటారా లేదా అన్నాడు.
ఆ గీతకవతల మా మేనత్త ఇల్లుందని
నేను చెప్పలేదు.
ఉత్తరాది మనిషి గ్లాసు ముట్టుకోలేదు.
ఒక కాగితం మీద పేర్లు తెచ్చాడు,
వీళ్ళు ఏ లోయలో ఉన్నారని.
ఇంకా దూరంనుంచి వచ్చినాయన
వేణ్ణీళ్ళు ఫ్లాస్కులో తనే తెచ్చుకున్నాడు.
నా మొహం చూడకుండా, నేల చూస్తూ మాట్లాడాడు.
మా కాళ్ళ కింద రాగి ఉందట.

అందరూ లేవబోతూ, చెప్పులు తొడుక్కుంటూ,
ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు
ఒకే మాట:
"నిన్న ఎవరొచ్చారు?"

పిల్లలెందరని అడిగినవాడు లేడు.
చలికాలానికి కట్టెలున్నాయా అని కూడా.
ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు.
ఇవింకా కుమ్ముకోలేదు.
ఒకదాన్నొకటి వాసన చూస్తున్నాయి,
మా చేలో నిలబడి.

గ్లాసులు కడిగేది పల్వాషా, నా కూతురు.
ఆరో తరగతి అయిపోయింది.
ఏడోది లేదు, దానికి.
అడుగున మిగిలినదాన్ని బట్టి
వచ్చి వెళ్ళిందెవరో చెప్పేస్తుంది.

మొన్న సామాను సర్దుతుంటే
బస్తా తేలిగ్గా తగిలింది చేతికి.
త్రాసు మీద పెడితే కిలోన్నర తక్కువ.

అడిగితే దాచలేదు.
మధ్యాహ్నం నమాజుకి వీధి ఖాళీ అయ్యాక
చున్నీ కొసన పిడికెడు ముడేసుకుని వెళ్ళి
బడి గేటు తాళానికి
ఒక్కొక్కటే పెట్టి చూస్తోందట.
పట్టనివి కాలవలో వేసేస్తోందట,
పొరపాటున మళ్ళీ అవే తేకుండా.

ఇత్తడి లెక్కన నాకు నష్టం.
ఏమీ అనలేదు.

రేపు ఎవరో ఒకరు వస్తారు.
గ్లాసులు బోర్లించి ఉన్నాయి.
చెప్పులేసుకుంటూ అడుగుతారు, నిన్న ఎవరొచ్చారని.
ఎవరూ రాలేదనే చెబుతాను.

నిన్న అది
నూట పన్నెండో చెవిదాకా వచ్చింది.