కూత వినపడని చోట

కావలిలో రాత్రి ఆట గెలిచి పోయినోడు లేడంటాడు
మాలకొండయ్య, టీ గ్లాసు బల్ల మీద కొట్టి.
కొట్టినప్పుడల్లా చక్కెర డబ్బా మూత ఎగురుతుంది.
అదే రుజువన్నట్టు చూస్తాడు.

నేను స్కోరర్ని.
పదిహేడేళ్లుగా కాలేజీ కబడ్డీ కోర్టు పక్కన
ఒక కాలు పొట్టిదైన బల్ల ముందు
గీతల నోటుపుస్తకం పెట్టుకుని కూచున్నోణ్ణి.
మొన్న వానకి ఆఫీసులో కరెంటు పోయిన మధ్యాహ్నం
పుస్తకాలన్నీ బీరువాలోంచి దించి లెక్కేశాను.

లైట్ల కింద ఆడినవి నలభై ఏడు, ఇరవై ఆరు మావి.
ఎండలో ఆడినవి ముప్పై ఎనిమిది, ఇరవై ఒకటి మావి.
భాగించాను. నమ్మక మళ్లీ భాగించాను.
నూటికి యాభై అయిదు, అక్కడా ఇక్కడా.
పగటికి రాత్రి పైసా బాకీ లేదు.

"నీ లెక్కలకి చెవులుండవబ్బా" అన్నాడు మాలకొండయ్య.

చెవుల దగ్గరే కదా వచ్చింది చిక్కంతా.

రాత్రి అయితే గోడ మీద జనం, ట్యాంకు మెట్ల మీద జనం,
జనరేటరు మోత మీద ఇంకో మోత.
చేలల్లోంచి పురుగులు లైట్లకొచ్చి
కాలి, నా కాగితం మీద రాలేవి.
ఒకసారి ఎనిమిదనుకుని ఊదితే ఎగిరిపోయింది.

పొదిలి వాళ్లొచ్చిన రాత్రి
ఇద్దరివీ సమానం, ఆఖరి కూత మాది.
మస్తాన్ గీత తాకి దణ్ణం పెట్టుకుని పోయాడు.
ఊరు ఊరంతా గొంతైంది.
అంపైరు వంగాడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు,
కూత ఉందో లేదో తేల్చుకోలేక కళ్లు చికిలించాడు.
నాకు కనపడింది.
మస్తాన్ పెదాలు మూసుకున్నాయి,
ఒక గుక్క మింగేంత సేపు.
ఆ తర్వాతే తాకాడు. తాకి వచ్చి పడ్డాడు.
అంపైరు చెయ్యెత్తాడు.
నేను ఒకటి రాశాను.

ఆ ఇరవై ఆరులో అదొకటి.

మరుసటేడు కనిగిరి మీద, అదే కోర్టు, అవే లైట్లు,
అదే మస్తాన్ ఎవరూ ముట్టకముందే
గీత బయట కాలేశాడు.
పంపు దగ్గర మోకాళ్లు కడుక్కుంటా చెప్పాడు,
"అంతమంది నా పేరు పిలస్తా ఉంటే
ఎటు తిరగాలో తెలీలా అన్నా."
ఓడిన ఇరవై ఒకటిలో అదొకటి.

మేం పొదిలికి పోయిన రాత్రి
మావాళ్లు పన్నెండు మంది, నేను, డ్రైవరు పెంచలయ్య.
కడమ మైదానమంతా వాళ్లే.
తిట్లు కూడా మాకు కొత్తగా ఉన్నాయి.
నాలుగు పాయింట్లతో గెలిచాం.
తిరిగొచ్చేటప్పుడు గుడ్లూరు దగ్గర బస్సాపితే
మూలసీట్లోంచి దిగి ఒక పిల్లోడన్నాడు,
"ఆడ హాయిగా ఉండింది సార్.
ఓడినా పొద్దున పాలకెళ్తే అడిగేవాళ్లు లేరు గదా."
రెండు గంటల రాత్రి, అరిచేవాళ్లు లేరు,
పెంచలయ్య ఒక్కడే హారన్ కొట్టాడు, ఊరికే.

అంటే రాత్రి, సొంతూరు, కేకలు,
ఇదంతా ఉప్పెక్కువేసిన మాటేనా?
అవునని ఎర్ర సిరాతో రాసి
మాలకొండయ్య ముందు పెడదామనుకున్నాను.

పుస్తకం మూయబోతూ పొదిలి పేజీ తిప్పాను.
ఆ రాత్రి నేను అరవలేదు.
స్కోరరు అరవకూడదు.
అన్ని అంకెలూ తేలిగ్గా, గుమాస్తా చేతి అంకెలు.
ఆ ఒక్క ఒకటి మాత్రం
కింద నాలుగు కాగితాల దాకా దిగి ఉంది.
వేలితో తడిమితే ఇంకా గుచ్చుకుంటోంది.

ఆ పేజీ ఆయనకి చూపించలేదు.
టీ డబ్బులు మటుకు నేనే ఇచ్చాను.