మూడో జాడీ

శౌరిలమ్మ కబురు పంపింది
మోకు కట్టుడు మానేసి ఆరేండ్లయినోనికి,
మోకాలి చిప్ప పలిగినోనికి.
"నాలిక పలగలేదు గదా ముత్తిలింగం, రా."

దేవరకొండ తొవ్వల, గుట్ట వెనుక చెలక.
చుట్టూ బత్తాయి తోటలు.
నడుమ ముప్పై ఆరు రాతి కడీల మీద
నల్లద్రాక్ష పందిరి.
ఆమె మామ బాలశౌరి నాటిన యేడే
మా నాయిన నా నడుముకు మొదటిసారి మోకు బిగించిండు.
అంటే నా పని, ఈ తీగె ఒక్క ఈడువి.
కాండం నా పిక్కంత లావు,
నా లెక్కనే వంకర్లు, నా లెక్కనే తొర్రలు.
కాపు మాత్రం
యేటేటా ఒక గంప తక్కువ.

మొదటి జాడీ వాసెన విప్పింది.
స్టీలు గిలాస అడుగున రెండు గుక్కలు పోసి
"తాగుడు కాదు, చూసుడు" అన్నది.
నాకు చెప్తున్నది!
పోతుతాడుకు పండుతాడుకు
లొట్టి అంచు వాసన మీదనే తేడా చెప్పినోన్ని.
కాటమయ్యకని ఒక చుక్క నేల మీద రాల్చిన.
ఆమె సిలువ గుర్తు ఏసుకున్నది.

మొదలు ఒగరు.
నేరేడు తిన్నప్పటి లెక్క దవడల దాకా గుంజి ఆగింది.
తర్వాత పులుపు,
పొద్దెక్కిన ఈతకల్లు పులుపుకు చెల్లెలు.
ఆఖరికి, మింగినంక,
ఏదో అందామని నోరు తెరిచినంక
మన్ను.
తొలకరి మన్ను కాదు.
ఎండకాలం బాయి పూడిక తీస్తుంటే
పది గజాల కిందికెల్లి తట్టల పైకొచ్చే మన్ను,
ఇనుము కలిసింది, సల్లటిది.

"బోరు ఎండి నాలుగేండ్లాయె,
ఇది ఎక్కడి నీళ్లు తాగుతుందో దేవునికెరుక" అన్నది.
"నాకూ ఎరుకైంది" అన్న, "ఇప్పుడే తాగిన."

రెండోది కూడ అదే,
కాకుంటే ఎండ ఎక్కువ తిన్నది.
"పడమటి కడీలు" అన్న. తల ఊపింది.

మూడో జాడీ.
రంగు ఎక్కువ. తియ్యగ వచ్చింది,
అప్పు అడుగ వచ్చిన చుట్టం లెక్క
గడపల్నే నవ్వుకుంట.
మింగిన. నోరు తెరిచిన.
లోపల ఎవరూ లేరు.

ఆమె మొఖం చూడలే, పందిరి దిక్కు చూసిన.
"ఇది ఇక్కడి పండు కాదమ్మా."

కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది.
"సగం పిట్టలు తిన్నయి, సగం రాళ్లవాన తిన్నది.
క్రిస్మస్ కు మూడు జాడీలని ఫాదర్ కు మాటిచ్చిన.
పట్నం మార్కెట్ల ఐదు పెట్టెలు కొన్న.
ఎవరికి తెలుస్తదిలే అనుకున్న."

ఆ మాట నాది.
కరువు యేడు, తాళ్లు లొట్టి అడుగు కూడ తడపనప్పుడు,
దుకాణం ముందర జనం నిలబడ్డప్పుడు,
బిందెడు నీళ్లల్ల చిటికెడు తెల్లపొడి కలుపుకుంట
నేను అనుకున్న మాట.
కాశన్నకు తెలిసింది.
నలభై యేండ్లు నా చెట్ల కిందనే కూసున్న ముసలోడు
రేకల ఒక్క గుక్క గుంజి
మిగిలింది మెల్లగ నేల మీద పోసి
రేక మడిచి పక్కకు పెట్టి లేచిపోయిండు.
మళ్ల రాలే.
తిట్టినా బాగుండు.

ఎవరికీ చెప్పనిది శౌరిలమ్మకు చెప్పిన.
ఆమె చాలాసేపు జాడీ మూతి తుడిచింది.
తుడిచేందుకు ఏం లేదు దానికి.

"మరి దీన్నేం చేద్దాం?"
"ఫాదర్ కు రెండే ఇయ్యి. ఇది మనం తాగుదాం,
అబద్ధమైనా పులిసింది గదా."

అరుగు మీద కూసోని తాగినం.
బాగనే ఉన్నది, పాపం.
అదీ ఏదో ఒక చెలకల కాసిందే,
పెట్టెల పడ్డంక ఊరి పేరు మరిచింది.

లేచేటప్పుడు
మొదటి జాడీకెల్లి ఒక్క గుక్క పోసింది.
"నోరు కడుక్కో" అన్నది.

ఇల్లు చేరినంక
చీకటి పడేదాక మంచినీళ్లు ముట్టలే.