చెవి గుర్తు

కౌతొకైనో దాటాక ఆఖరి ఇల్లు.
బయట మైనస్ ఇరవై ఆరు,
లోపల రిస్టెన్ పొయ్యిమీద మూడోసారి కాగుతున్న కాఫీ.
స్నోమొబైల్ విడిభాగాలు పక్కకి జరిపి
బల్లమీద నా తెల్లకాగితం పరిచాను.
కాపర్ల సంఘం పిలిపించింది నన్ను ట్రోమ్సో నుంచి:
రెయిన్‌డీర్ల లెక్కకి ఒక డేటాబేస్ కావాలట.

ముందు ఉన్నవేవో గుర్తుపట్టాలి.
ఉన్నదానికల్లా ఒక పెట్టె.
మనిషి, ఒక పెట్టె. జింక, ఇంకో పెట్టె.
ఆమె కళ్లజోడు ముక్కుమీదికి దించి
"ఇవి దొడ్లా?" అంది. "తలుపులు పెట్టలేదేం?"

తలుపులు తర్వాత, అన్నాను.
రెండిటి నడుమ గాలిపటంలా ఒక డైమండ్ గీసి
అందులో రాశాను: మనిషి జింకని కలిగి ఉన్నాడు.
చదివించుకుని పెద్దగా నవ్వింది.
"మా సామీ భాషలో అలా అనం.
నా దగ్గర జింక ఉంది, అంటాం.
ఉండటం జింక పని.
వెళ్లిపోవడం కూడా."
రబ్బరు తీసుకున్నాను.
పదేళ్లుగా గీస్తున్న గీతకి
మొదటిసారి కర్త మారింది.

ఎన్ని అని మాత్రం అడగలేదు.
ఇక్కడ ఆ ప్రశ్న
బ్యాంకు పుస్తకం విప్పి చూపించమనడం.
గీత చివర కాకికాలు వేశాను, మూడు వేళ్లు చాపి.
అనేకం, అంటుందది; అని ఊరుకుంటుంది.
కాకిలెక్కలు చాలా చూశాను గానీ
ఇంత మర్యాద తెలిసిన కాకిని చూళ్లేదు.

తర్వాత కోడిగుడ్లు: రంగు, కొమ్ములు, నడక.
ఒక్క రంగుకే ఆమె చెప్పిన మాటలు
గుడ్డు పగిలి కాగితం అంచుదాకా పారాయి.
వయసుకి చుక్కల గుడ్డు పెట్టాను:
దాన్ని దాచం,
పుట్టిన ఏడు నుంచి ఎప్పటికప్పుడు తీస్తాం.
"నా వయసుకీ చుక్కలే పెట్టు," అంది.

మరి కీ?
వెయ్యి తలల్లో ఇది ఫలానావాళ్లదని దేన్నిబట్టి?
నడుముకున్న కత్తి తీసి
పాలడబ్బా అట్టలోంచి రెండు చెవులు కోసింది.
ఎడమదానికి కొసన గాటు,
కుడిదానికి వెనకవైపు రెండు, ముందు మెట్టులా ఒకటి.
"ఇది జింకది కాదు. నాది.
అది మోస్తుంది, అంతే."
అప్పుడు చెవికెక్కింది నాకు:
తాళం ఒకరిది,
తాళంచెవి ఇంకొకరి చెవిలో.

ఇంకా గాటు పడని పిల్లకి ఏం రాయాలి?
"ఏ తల్లి వెనక పరిగెడుతుందో చూస్తాం.
తాడు తప్పు మెడకి పడకూడదు.
పొద్దంతా చూస్తాం."
నా చదువులో దాన్ని బలహీనమైనది అంటారు:
తనంతట తనకి గుర్తింపు లేనిది,
తల్లి కీ తోడైతే తప్ప నిలవనిది.
చుట్టూ రెండు గీతల పెట్టె గీశాను.
బలహీనం అన్న మాట ఆమెకి చెప్పలేదు.
పుట్టిన పూటే మంచులో పరిగెత్తేదాన్ని
ఏ నోటితో అనడం?

ఇక ఒక్కటే మిగిలింది.
గుర్తు ఉన్న ప్రతి మనిషికీ
ఒక్క జింకైనా ఉండి తీరాలా?

రిస్టెన్ కప్పులో కాఫీ పోసింది, జున్నుముక్క వేసింది.
తమ్ముడు యొవ్నా, అంది.
వాన కురిసి, కురిసిందల్లా గడ్డకట్టిన ఒక చలికాలం,
తినే నాచుకి మంచు తాళం వేసేసింది.
సగం మంద పోయింది. మిగతాది అమ్మేశాడు.
ఇప్పుడు ఆల్టాలో మంచు తోసే లారీ నడుపుతాడు.
"మరి గుర్తు?"
"పుస్తకంలోనే ఉంది. ఇంకెవరికీ ఇవ్వం."

కాకికాలి పక్కన చిన్న సున్నా చుట్టాను.
లేకపోయినా పరవాలేదని దానర్థం:
వరస చెరగదు, గడి మాత్రం ఖాళీ.

ఆమె చాలాసేపు సున్నాకేసి చూసింది.
కాఫీ చల్లారింది, జున్ను మెత్తబడింది.
వేలు దానిమీద ఆనించి అడిగింది:
"తర్వాత పెడతానన్న తలుపు ఇదేనా?"